టికెట్ ఇచ్చేదెవరు, ఖర్చు పెట్టేదెవరు: విశాఖ పార్లమెంటు స్థానం చరిత్ర
(తెన్నేటి విశ్వనాథం స్మారకోపన్యాసం)



తెన్నేటి వారి స్మృతిలో మాట్లాడమనగానే నాకు తోచింది 1967 ఎన్నిక. అంతకు కొద్ది నెలల ముందు, 1966 అక్టోబరులో, ఉక్కు కర్మాగారం కోసం టి. అమృతరావు గారు ఈ ఊళ్లో నిరాహారదీక్షకు కూర్చున్నారు. నవంబరు 1న పోలీసులు ఇక్కడ కాల్పులు జరిపారు. రాష్ట్రం మొత్తం మీద ఆ ఉద్యమంలో 32 మంది ప్రాణాలు కోల్పోయారు. పదుల సంఖ్యలో శాసనసభ్యులు పదవులు వదులుకున్నారు. ఆ వెంటనే వచ్చిన లోక్‌సభ ఎన్నికల్లో విశాఖ తెన్నేటి విశ్వనాథం గారిని స్వతంత్ర సభ్యుడిగా గెలిపించింది. ఆయనకు ఢిల్లీ పెద్దలెవరూ టికెట్ ఇవ్వలేదు. ఉద్యమమే ఆయన్ని నిలబెట్టింది.

ఈ ఊరికి అది కొత్త కాదు. 1952లో ఇద్దరు సభ్యులను ఎన్నుకునే ఈ స్థానం నుంచి లోక్‌సభకు వెళ్లిన ఇద్దరూ స్వతంత్రులే. ఒకరు ఆర్థికవేత్త లంకా సుందరం. మరొకరు గాం మల్లుదొర, అల్లూరి సీతారామరాజు వెంట మన్యంలో పోరాడిన మనిషి. 1957లో పి.వి.జి. రాజు గారు వచ్చారు. ఆయన విజయనగరం సంస్థాన వారసుడు, భావాల్లో సోషలిస్టు. అంటే కలిగినవాళ్లు అప్పుడూ పోటీ చేశారు, గెలిచారు. కానీ లేనివాడు నిలబడితే పిచ్చివాడని జనం అనుకోని రోజులవి. మల్లుదొర గెలుపే అందుకు సాక్ష్యం.

మరి దారి ఎక్కడ మళ్లింది? చాలామంది 1990 దశకాన్ని చూపిస్తారు. నా లెక్కలో అసలు మలుపు 1974. ఢిల్లీ సదర్ స్థానానికి సంబంధించిన కన్వర్‌లాల్ గుప్తా కేసులో ఆ ఏడాది అక్టోబరులో సుప్రీంకోర్టు ఒక మాట చెప్పింది. అభ్యర్థికి తెలిసి, అతని గెలుపు కోసం పార్టీ పెట్టిన ఖర్చు కూడా అతని ఖాతాలోకే వస్తుందన్నది ఆ మాట. న్యాయమైన మాట. నెల తిరక్కుండానే ఆర్డినెన్సు వచ్చింది, ఆ తర్వాత చట్టమైంది. ప్రజాప్రాతినిధ్య చట్టం 77వ సెక్షన్‌కు వివరణ చేర్చి, పార్టీ గానీ మిత్రులు గానీ పెట్టే ఖర్చు అభ్యర్థిది కాదన్నారు. అభ్యర్థి ఖర్చుకున్న పరిమితి కాగితం మీదే మిగిలింది. 2003 సవరణ ఆ తలుపును కొంత మూసింది గానీ, స్టార్ క్యాంపెయినర్ల ప్రయాణ ఖర్చును బయటే వదిలింది. పార్టీ మొత్తంగా పెట్టే ఖర్చుకు నేటికీ గరిష్ఠ పరిమితి లేదు. కంపెనీల విరాళాలను 1969లో నిషేధించి 1985లో మళ్లీ అనుమతించారు. 2018లో వచ్చిన ఎన్నికల బాండ్లను 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టేసింది.

ఇప్పుడు మన రాష్ట్రంలో లోక్‌సభ అభ్యర్థి ఖర్చు పరిమితి 95 లక్షలు, అసెంబ్లీకి 40 లక్షలు. విశాఖ పార్లమెంటు స్థానంలో ఓటర్లు 19 లక్షల పైచిలుకు. భాగించి చూడండి, తలకు ఐదు రూపాయలు కూడా రాదు. జగదాంబ జంక్షన్‌లో టీ తాగడానికి ఆ ఐదు చాలవు. భీమిలి నుంచి గాజువాక దాకా జెండాలు, మైకు బండ్లు, రోడ్ షోలు, బూత్ ఏజెంట్ల భోజనాలు ఆ సొమ్ములో సరిపోయాయంటే నమ్మడానికి ఎవరు సిద్ధంగా ఉన్నారు? అందుకే టికెట్ ఆశావహుణ్ని పార్టీ ఆఫీసులో మొదట అడిగేది ‘ఎంత పెట్టుకోగలవు’ అని. అతని సేవ, చదువు, వార్డులో అతనికున్న మంచిపేరు, అన్నీ ఆ తర్వాతే.

1991 నుంచి మనకు ప్రాతినిధ్యం వహించిన వారిని ఒకసారి తలచుకోండి. గీతం విద్యాసంస్థల అధిపతి ఎం.వి.వి.ఎస్. మూర్తి, కాంట్రాక్టు రంగం నుంచి టి. సుబ్బరామిరెడ్డి, నెల్లూరు జిల్లా నుంచి వచ్చిన మాజీ ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి, బాపట్ల రిజర్వుడు స్థానం కావడంతో ఇటు వచ్చిన పురందేశ్వరి, బిల్డర్ ఎం.వి.వి. సత్యనారాయణ, మూర్తి గారి మనవడు శ్రీభరత్. నేను వ్యక్తుల్ని తప్పుపట్టడం లేదు. వారిలో ఊరికి మంచి చేసినవాళ్లున్నారు. ఈ వరుసలో ఆంధ్ర విశ్వవిద్యాలయ ఆచార్యుడు కంభంపాటి హరిబాబు కూడా ఉన్నారు, 2014లో. 2019లో సత్యనారాయణ మెజారిటీ 4,414 ఓట్లు మాత్రమే. అదే ఎన్నికలో మాజీ సీబీఐ అధికారి లక్ష్మీనారాయణకు 2 లక్షల 80 వేలకు పైగా ఓట్లు పడ్డాయి. ఓటరు డబ్బొక్కటే చూస్తాడన్న మాట నేను ఒప్పుకోను. ఓటరు ముందుకు ఎవరు రావాలన్నది ముందే తేలిపోతోంది, నా బాధ అదే.

అది తేలేది ఒక కాగితం మీద. బీఫాం, అంటే ఫలానావాడు మా అభ్యర్థి అని పార్టీ ఇచ్చే పత్రం. నామినేషన్ల చివరిరోజు మధ్యాహ్నం మూడు గంటల్లోపు రిటర్నింగ్ అధికారికి అందాలి. పార్టీ అధీకృత నాయకుడు సిరాతో సంతకం చేయాలి, రబ్బరు ముద్ర చెల్లదు. ఆ ఒక్క సంతకం కోసం ఇరవై ఏళ్లు జెండా మోసిన కార్యకర్త రాత్రంతా ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చుంటాడు. ఆ కాగితం మరొకరికి వెళ్తే, ఎందుకు వెళ్లిందో అతనికి చెప్పాల్సిన బాధ్యత ఏ చట్టంలోనూ లేదు. 2024కు ముందు తెలుగుదేశం పార్టీ ఫోన్లు చేసి, అభ్యర్థిగా ఎవరు కావాలో అంకెలు నొక్కి చెప్పమంది. వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ తాడేపల్లిలోని పార్టీ కార్యాలయం నుంచి జాబితాల మీద జాబితాలతో నియోజకవర్గ ఇన్‌చార్జిలను మార్చింది. జాతీయ పార్టీల పేర్లు ఢిల్లీలో ఖరారవుతాయి. పద్ధతి ఏదైనా, ఆఖరి మాట పైవాళ్లదే. క్రిమినల్ కేసులున్నవారికి టికెట్ ఇస్తే కారణం ప్రకటించాలని, గెలుస్తాడన్నది ఒక్కటే కారణం కారాదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. కేసుల్లేని అభ్యర్థి విషయంలో ఆ పాటి వివరణ కూడా అక్కర్లేదు.

టికెట్ ఇచ్చినవారికే ప్రతినిధి జవాబుదారీ అవుతాడు. పైగా 1985 ఫిరాయింపుల నిరోధక చట్టం తర్వాత విప్ దాటితే సభ్యత్వమే పోతుంది. తెన్నేటి లోక్‌సభలో ఉక్కు గురించి గొంతెత్తినప్పుడు ఆయన్ని ఆపగల హైకమాండ్ లేదు. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ కర్మాగారాన్ని ప్రకటించారు. 2021 జనవరి 27న అదే కర్మాగారంలో పెట్టుబడుల ఉపసంహరణకు కేంద్ర మంత్రివర్గ సంఘం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. కార్మికులు కూర్మన్నపాలెంలో శిబిరం వేశారు. ఆ పోరులో శాసనసభ్యుడు గంటా శ్రీనివాసరావు గారు ఇచ్చిన రాజీనామా లేఖ 2024 జనవరి దాకా ఆమోదానికే నోచుకోలేదు.

పార్టీల ఖర్చుకూ పరిమితి పెట్టాలి. నియోజకవర్గంలోని పార్టీ సభ్యులు రహస్య ఓటుతో అభ్యర్థిని ఎన్నుకోవాలి. ఈ రెండూ పార్లమెంటు చేయవలసిన పనులు, వాటికోసం అడుగుతూనే ఉండాలి. ఈలోగా మన చేతిలో ఉన్న పని ఒకటుంది. ఫలితం వచ్చిన 30 రోజుల్లో ప్రతి అభ్యర్థీ ఖర్చుల లెక్క దాఖలు చేయాలి. ఆ లెక్కలు జిల్లా ఎన్నికల అధికారి దగ్గర, మహారాణిపేట కలెక్టరేట్‌లో ఉంటాయి. ఎవరైనా చూడవచ్చు. ఈ సభకు వచ్చిన విద్యార్థుల్ని కోరుతున్నాను: వచ్చే ఎన్నికల్లో మీ వీధిలో జరిగిన ప్రతి సభకూ ఎన్ని కుర్చీలు వేశారో, ఎన్ని బండ్లు వచ్చాయో రాసి ఉంచుకోండి. ఆ తర్వాత కలెక్టరేట్‌కు వెళ్లి, అభ్యర్థులు రాసిన లెక్క పక్కన మీ లెక్క పెట్టి చూడండి.