ఆకు కోసిన చేతులు



ఈ ఉదయం మన మాటలు వింటున్న మీలో అనేకుల చేతిలో టీ గ్లాసు ఉండి ఉంటుంది. నేడు ఆ గ్లాసును గూర్చియే మీతో మాట్లాడాలని ఆశపడుతున్నాను.

శ్రీలంకలో కాండీ పట్టణానికి సమీపాన, హంతాన అనే కొండమీద ఒక టీ మ్యూజియం ఉంది. 1925లో కట్టిన పాత టీ ఫ్యాక్టరీని బాగుచేసి 2001లో మ్యూజియంగా తెరిచారు. నేను దానిని చూడటానికి వెళ్ళాను. నిజం చెప్పాలంటే, ప్రసంగానికి ఒక మంచి ఉపమానం దొరుకుతుందనే వెళ్ళాను.

ఉపమానం దొరికింది కూడా. అక్కడ పాత యంత్రాలున్నాయి. కోసిన పచ్చి ఆకును మొదట వాడబెడతారు. తరువాత రోలరులో వేసి నలుపుతారు. నలిగిన ఆకు గాలి తగిలి ఎర్రబడుతుంది. అప్పుడు దానిని వేడిమీద ఆరబెడతారు. "నలిగితేనే సువాసన. విశ్వాసి జీవితమూ ఇంతే" అని నా పుస్తకంలో వ్రాసుకొన్నాను.

తరువాత పై అంతస్తుకు వెళ్ళాను. అక్కడ జేమ్స్ టేలర్ జ్ఞాపకార్థం ఉంచినవి చూచాను. ఆయన 1852లో స్కాట్లండ్ నుండి వచ్చిన యువకుడు. 1867లో లూల్‌కందుర తోటలో 19 ఎకరాలలో తేయాకు నాటించాడు. ఆ తరువాత తెగులు వచ్చి కాఫీ తోటలు నాశనమైనప్పుడు ఆ దేశాన్ని తేయాకే నిలబెట్టింది. 1892లో ఆయన చనిపోయినప్పుడు తోట కూలీలు వంతులవారీగా శవపేటికను భుజాలపై మోసికొని కాండీకి తెచ్చారు. ఆయన పేరు చరిత్రలో ఉంది. మరి మోసినవారి పేర్లు?

నేను అక్కడే ఆగిపోయాను. తమిళ ప్రాంతాల నుండి పేదరికానికి తాళలేక సముద్రం దాటి, అడవిదారిన రోజుల తరబడి నడిచి, ఆ కొండలెక్కినవారు వారు. దారిలోనే జబ్బుపడి రాలిపోయినవారు ఎందరో! కిలో టీపొడికి నాలుగు కిలోలకు పైగా పచ్చి ఆకు కావాలి. రెండు ఆకులు, ఒక మొగ్గ చొప్పున దానిని కోసింది ఎక్కువగా స్త్రీలే. అయినను 1948లో వచ్చిన పౌరసత్వ చట్టం వారిలో అత్యధికులను ఏ దేశానికీ చెందనివారిగా చేసింది. 1964 ఒప్పందం తరువాత లక్షలమందిని భారతదేశానికి పంపారు. అక్కడే మిగిలినవారి కొరకు 2003లో మరొక చట్టం వచ్చేవరకు అనేకులు పౌరసత్వం లేకుండానే బ్రతికారు.

ప్రియులారా, నలిగింది ఆకు మాత్రమే కాదు. మనుష్యులు నలిగిన చోట నేను ఉపమానం ఏరుకొంటున్నాను! పుస్తకంలో వ్రాసిన ఆ మాటను కొట్టివేశాను.

రూతు గ్రంథము రెండవ అధ్యాయము జ్ఞాపకం చేసుకొనుడి. బోయజు తన పొలానికి వచ్చి మొదట కోతవారిని దేవుని పేరట పలుకరించాడు. తరువాత పరిగె ఏరుకొంటున్న పరదేశిని చూచి, ఆమె ఎవరని అడిగాడు. ఎన్ని పనలు అయ్యాయని కాదు, ఆమె ఎవరని అడిగాడు. ఆ మోయాబు స్త్రీ పేరు మన ప్రభువు వంశావళిలో నిలిచింది.

మా సంఘంలో ఆరాధన తరువాత ఒక తల్లి అందరికీ టీ ఇస్తుంది. ఎనిమిదేళ్ళుగా త్రాగుతున్నాను. "టీ అమ్మా" అని పిలవడమే గాని పేరు ఎరుగను. తిరిగి వచ్చిన ఆదివారం, "అమ్మా, నీ పేరేమిటి?" అని అడిగాను. ఆమె బెదరిపోయి, "ఏం అయ్యగారూ, నావల్ల ఏమైనా తప్పు జరిగిందా?" అన్నది.

సహోదరీ, సహోదరుడా, పేదవారి పేరు తప్పు జరిగినప్పుడే అడుగుతున్నామా? వారి కూలి ప్రొద్దుగూకకముందే ఇస్తున్నామా? ఈరోజు మీకు టీ అందించినది ఎవరు? మీ ఇల్లు ఊడ్చినది ఎవరు? పేరు పెట్టి పిలువుడి. నిలబెట్టి కాదు, కూర్చోబెట్టి వారికీ ఒక గ్లాసు ఇవ్వుడి.

ప్రార్థించుదము. ప్రభువా, మేము ఎరుగనివారిని నీవు పేరుపేరున ఎరుగుదువు. వారి చేతులను దీవించుము. మా కన్నులు తెరువుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.