వారమున కొక్క పూట

(ఒక పఠనమందిరపు వార్షిక సభయందు మేము చేసిన ప్రసంగ పాఠము)



న్యాయస్థానములలో తిరుగాడు మాబోటివారికి మిక్కిలి పరిచితమైన మాట యొకటి కలదు: వాయిదా. కక్షిదారుడు సిద్ధముగా నుండును, సాక్షి రాడు. సాక్షి వచ్చును, న్యాయాధిపతి సెలవులో నుందురు. వ్యాజ్యము వాయిదా పడును. ఇందులకు లోకులు మమ్ము నిందింతురు; నిందింపదగినదే. కాని నేడు మేము మనవి చేయబూనినది వేరొక వాయిదాను గూర్చి. మన జీవితములను మనమే వాయిదా వేసికొనుచున్నాము. ఆ వ్యాజ్యమున వాదియు మనమే, ప్రతివాదియు మనమే, గడువు కోరువారమును మనమే.

మా యనుభవమునే చెప్పుదుము. మా తండ్రిగారికి కడపటి యేండ్లలో చూపు మందగించెను. జీవితమంతయు పత్రికలు చదివిన మనిషి. "ఆదివారము నాడైన వచ్చి ఒక గంటసేపు చదివి వినిపించు, నాయనా" అని యడిగిరి. వారి గ్రామము మాకు ముప్పది కిలోమీటర్ల దూరమే. సరే యంటిమి. మొదటి ఆదివారము కక్షిదారులు వచ్చిరి. రెండవ ఆదివారము సభ. మూడవ ఆదివారము అలసట. ఊరూర గ్రంథాలయములు పెట్టింప తిరిగిన మేము కన్నతండ్రికి ఒక గంట చదువు వినిపింపలేకపోతిమి. ఏడాదిలో నాలుగు మారులు మాత్రమే వెళ్ళితిమి. పిదప వారు పోయిరి. వారి మంచము క్రింద పత్రికల కట్ట యొకటి దొరకినది. మేము వచ్చి చదువుదుమని వారము వారము తీసి దాచినవి.

ఆ కట్ట మాపై చెప్పిన తీర్పునకు అప్పీలు లేదు. మాకు లోపించినది ప్రేమ కాదు, కాలమును కాదు, నియమము. "ఎప్పుడో" యను దినము ఏ పంచాంగమునను లేదు. ఆదివారము కలదు, సోమవారము కలదు.

దినదిన నియమము చేసికొనరాదా, వారమేల యని కొంద రడుగవచ్చును. దినదిన వ్రతము గొప్పదే. కాని మనవంటి సంసారులకు అది మూడవనాడే భగ్నమగును. భగ్నమైన వెనుక సిగ్గుచే దానివంక చూడము. నెలకొక్క మారనిన మరపు వచ్చును. వారము ఈ రెంటికిని నడుమ నున్నది. సన్నద్ధమగుటకు ఆరు దినముల వ్యవధి యిచ్చును. తప్పినచో ఏడవనాటికి మరల వాకిట నిలుచును. ఊరి సంతను చూడుడు. పల్లెవాడు ఒక వారము సంత తప్పిపోయినచో కుమిలిపోడు. మరుసటి వారము సంచి చేత బట్టుకొని పోవును. మన యిండ్లలో శనివారపు తలంటు, ఒక్కపొద్దు తరతరములుగా నిలిచినవనిన ఈ సులువు వలననే.

మహాత్ములవారి సోమవారపు మౌనము తాము వినియే యుందురు. అది మొదట దేహమునకు విశ్రాంతి కొరకును, వ్రాతపని సాగుటకును పెట్టుకొన్న యేర్పాటు. ఆత్మకు బలమగుట తరువాత తెలిసినది. 1931లో రౌండు టేబిలు సమావేశమునకై లండను నగరమున నున్నపుడును వారు సోమవారమును విడువలేదు. అంతటి కార్యభారము గలవారికి దొరకిన తీరిక మనకు దొరకదా? చేతిలోని ఫోనును ఒక్క సాయంకాలము బీరువాలో పెట్టి తాళము వేయుటకు మన మంతటి రాచకార్యములలో మునిగియున్నామా?

ఐనను ఇచ్చట ఒక న్యాయము మరువరాదు. వారమున కొక దినపు విశ్రాంతి శ్రామికునకు ఊరక రాలేదు. నారాయణ మేఘాజీ లోఖండేగారు బొంబాయి మిల్లు కార్మికుల పక్షమున ఏండ్ల తరబడి పోరాడగా 1890లో ఆదివారపు సెలవు దక్కినది. 1942లో వారపు సెలవుల చట్టము, 1948లో ఫ్యాక్టరీల చట్టము వచ్చినవి. చట్టము కర్మాగారమున ప్రవేశించినది. మన వంటయింట ప్రవేశింపలేదు. మన ఆదివారమున ఇంటి యిల్లాలికి పని ఇనుమడించును. పొయ్యి చల్లారదు, అతిథులు పెరుగుదురు. పనిమనిషికి సెలవిచ్చుటకు మన మనసొప్పదు. ఒకరి వెన్ను విరిచి పొందిన శాంతి శాంతియగునా? కావున మన మొదటి వారనియమము మన యింటనే ఆరంభము కావలయును: వారమున కొక్క పూట వంటయింటి భారము పురుషుడు వహించుట, పనివారికి జీతము కోయక ఒక దినము విడుపు నిచ్చుట.

రెండవది, వారమున కొక్క సాయంకాలము మౌనము. ధ్యానము తెలియనివారు అరుగుపై ఊరక కూర్చుండిన చాలును. మొదటి వారము విసుగు పుట్టును. ఆ విసుగును సహించువాడు క్రమముగా తన మనసులోని మాట తానే వినును.

మూడవది, వారమున కొక్క మనిషి. దూరమున నున్న అక్కగారికి ఒక ఉత్తరము. వీధి చివర నొంటిగా నున్న ముసలివారితో ఒక గంట. ఎవరికి, ఏనాడు, ఏ వేళ యను మూడును కాగితముపై వ్రాసికొనవలయును. తేదీ వేయని సంకల్పము తేదీ వేయని పత్రము వంటిది. వివాదము వచ్చినపుడు చెల్లుట కష్టము.

ఇంతకు మించి ఎత్తుకొనవలదు. మూడును ఒక్కసారి చేతగానిచో ఒక్కటియే చాలును.

కడపటి మనవి. 1935లో పాతూరి నాగభూషణముగారు కాలువపై పడవలో గ్రంథాలయము నడిపించి గ్రామస్థుల కడకు గ్రంథములను చేర్చిరి. అట్టి దేశమున, చూపు తగ్గిన పెద్దల కడకు మనము రెండు వీధులు నడచిపోలేమా? ఈ పఠనమందిరమున ప్రతి ఆదివారము సాయంకాలము నాలుగు గంటలకు పత్రికలు బిగ్గరగా చదివి వినిపించు ఏర్పాటు చేసితిమి. రాలేనివారి యిండ్లకు చదువరులను పంపుదుము. చదువరుల పట్టికలో మొదటి పేరు మాది. మా తండ్రిగారి ఋణము దీనితో తీరదు. తీరునని మేము చెప్పము. తమ యిండ్లలో మాత్రము మంచము క్రింద అట్టి కట్ట పెరుగకుండుగాక.

పట్టిక ద్వారము కడ నున్నది. కలమును పక్కనే యున్నది.