పరీక్షల ద్వారా పట్టము

పంచాయతీ సభ్యులారా!

పిల్లలను బి.ఏ., బి.ఎస్‌సి. చదువులకై అమెరికా పంపుటకు పొలము తాకట్టుపెట్టువారు మన గ్రామములలో కలరు. సాక్షి సంతకమునకు, సలహాకు వారు మీ యొద్దకే వచ్చెదరు. కావున అచటి పద్ధతి నొకదానిని మనవి చేయుచున్నాము.

అచట పట్టమునకు సాధారణముగా 120 క్రెడిట్లు కావలెను. తరగతిలో చదివిననే కాక, స్వయముగా చదువుకొని పరీక్ష నెగ్గినను కొన్ని లభించును. కాలేజి బోర్డువారు 1967లో ప్రారంభించిన ‘క్లెప్’ పరీక్షలు ఇట్టివే. చరిత్ర, బీజగణితము, అర్థశాస్త్రము మున్నగువానిలో 80కి 50 వచ్చినచో పెక్కు కళాశాలలు మూడేసి క్రెడిట్లిచ్చును. ఫ్రెంచి, జర్మను, స్పానిషు భాషలకును పరీక్షలున్నవి. మన తెలుగునకు మాత్రము లేదు! తప్పినవారు అదే పరీక్షకు మరల కూర్చుండుటకు మూడు నెలలు ఆగవలెను.

అయితే పరీక్ష నడుపువారు పట్టము నీయరు. ఇచ్చునది కళాశాల. ఏ పరీక్షను ఏ పాఠ్యమునకు బదులుగా అంగీకరింతురో, మొత్తముమీద ఎన్ని క్రెడిట్ల వరకు ఒప్పుకొందురో ఒక్కొక్క కళాశాలది ఒక్కొక్క తీరు. ఇది వ్రాతమూలకముగా తెలిసికొనక పరీక్ష రుసుము కట్టినవారు శ్రమను, సొమ్మును పోగొట్టుకొనవచ్చును.

వేరొక సంగతి. విద్యార్థి వీసాపై వెళ్లి ఈ పట్టము చదువువారు సామాన్యముగా ప్రతి సెమిస్టరునందు కనీసము 12 క్రెడిట్ల పాఠములు కళాశాలలోనే చదువవలెను. క్లెప్ పరీక్షలు వానికి బదులు కావు. చదువు ఒక సెమిస్టరు ముందుగా ముగియుటకు తోడ్పడవచ్చును, అంతే. ఆ సెమిస్టరు రుసుము మిగిలినను తాకట్టు భారము కొంత తగ్గును. కావున మీ యొద్దకు వచ్చినవారిని, కళాశాలవారి ఉత్తరము తెచ్చితిరా యని ముందుగా అడుగుడు.