మెడ అప్పగించే ముందు

కైరోప్రాక్టర్ దగ్గరికి వెళ్లేముందు ఏం తెలుసుకోవాలో చెప్పమని రేడియోవారు అడిగారు. నడుము పట్టేస్తే ఎలా ఉంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. కైరోప్రాక్టర్ ఏం చేస్తాడో ఫోనున్న ప్రతివాళ్లూ చూసే ఉంటారు. మనిషిని బల్ల మీద బోర్లా పడుకోబెట్టి వెన్ను మీద ఒక్క నొక్కు నొక్కగానే టపటపమంటుంది. నేను ఫిజియోథెరపిస్టుగా చేసి రిటైరైనవాణ్ణి. నాకూ కొంత పక్షపాతం ఉంటుంది, ఆ మేరకు తగ్గించుకుని వినండి.

కైరోప్రాక్టిక్ అనే ఈ విద్య అమెరికాలో అయోవా రాష్ట్రం డావెన్‌పోర్టులో పుట్టింది. డేనియల్ డేవిడ్ పామర్ అంతకుముందు అయస్కాంత వైద్యం చేసేవాడు. 1895లో హార్వీ లిల్లార్డ్ అనే వినపడని మనిషి వెన్ను నొక్కితే అతనికి చెవులు వినిపించాయన్నాడు. వినికిడి నాడి పుర్రెలోనే ఉంటుంది, వెన్ను దాకా రాదు. ఆయన అది లెక్కచేయలేదు. దాదాపు అన్ని జబ్బులకీ మూలం పక్కకి జరిగిన వెన్నుపూసే అన్నాడు. లైసెన్సు లేకుండా వైద్యం చేస్తున్నాడని 1906లో జైల్లో కూడా పెట్టారు.

నాకు ఇంకా ఇష్టమైన కథ ఆయన కొడుకు బి.జె. పామర్‌ది. ఈయన 1922లో డబ్ల్యూ.ఓ.సి. అనే రేడియో కేంద్రాన్ని కొనేశాడు. తన కైరోప్రాక్టిక్ కాలేజీలోనే స్టూడియో పెట్టాడు. 1932లో ఆ కేంద్రంలో ఫుట్‌బాల్ వ్యాఖ్యానం చెప్పడానికి ఒక కుర్రవాడు చేరాడు. పేరు రోనాల్డ్ రీగన్. తరవాత దేశాధ్యక్షుడయ్యాడు. వీడియోలు చూసి ఇదేదో ఈనాటి ప్రచారం అనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. అప్పుడు మైకు, ఇప్పుడు ఫోను.

ఇక వెన్ను నొక్కినప్పుడు వచ్చే ఆ చప్పుడు సంగతి. పూస ఎక్కడో తప్పిపోయి మళ్లీ గూట్లో కూర్చున్న చప్పుడు కాదది. కీలులో ఉండే జిగురు ద్రవంలో ఒత్తిడి ఒక్కసారిగా తగ్గి, గాలి బుడగ ఏర్పడేటప్పుడు వచ్చేది. బామ్మలు దిష్టి తీసి కణతల దగ్గర మెటికలు విరిచేవారు చూడండి, అదే. ఎన్ని మెటికలు విరిగితే అంత దిష్టి పోయిందని వాళ్లు లెక్కపెట్టేవారు, చప్పుడు వస్తే జబ్బు పోయిందని మనం అనుకుంటున్నాం.

మా మేనత్త ఎదురుకాళ్లతో పుట్టింది. అలా పుట్టినవాళ్లు కాలితో రాస్తే పట్టు వదులుతుందని నమ్మి, నడుము పట్టినవాళ్లు తెల్లారకుండానే వచ్చి మా అరుగు మీద బోర్లా పడుకునేవారు. ఆవిడ కాలితో మూడుసార్లు రాసేది. పైసా పుచ్చుకునేది కాదు. ఒకాయన మెడ కూడా పట్టేసిందత్తా, అక్కడా కాలు పెట్టమంటే కసిరి పంపింది. ఎదురుకాళ్ల బిడ్డల్ని ఇప్పుడు చాలావరకు సిజేరియన్ చేసి తీస్తున్నారు కాబట్టి ఆ వైద్యమూ అంతరించినట్టే. దాన్లో శాస్త్రం ఉందని నేననను. పట్టేసిన నడుము చాలామందికి కొన్ని రోజుల్లో, కొన్ని వారాల్లో దానంతటదే వదులుతుంది. అత్తయ్యకొచ్చిన పేరులో కొంత భాగం దానిదే, కైరోప్రాక్టర్లకొచ్చే పేరులోనూ కొంత దానిదే.

కానీ ఆవిడ మనిషిని తాకేది. ఎక్కడ నొప్పి అని అడిగేది. ఇవాళ పెద్దాసుపత్రికి వెళ్తే ఎమ్మారై ఫిల్ము దీపం ముందు పెట్టి చూస్తారు, వీపు మీద చెయ్యి వెయ్యరు. ఈ మాట నా తోటి వైద్యరంగం వాళ్లనే అంటున్నాను. చెయ్యి వేసేవాడు దొరికితే జనం అటు పోరా?

నడుముకి ఈ నొక్కుడు వైద్యం కొంత ఉపశమనం ఇస్తుంది, అది నిజం. అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజిషియన్స్ అనే వైద్యుల సంఘం 2017లో నడుమునొప్పికి ఇచ్చిన సూచనల్లో దీన్ని కూడా చేర్చింది. మెడ దగ్గరే నా భయం. మెడపూసల్లోంచి మెదడుకి రక్తం తీసుకెళ్లే రెండు ధమనులు పోతాయి. మెడని ఒక్క విసురుగా తిప్పినప్పుడు అరుదుగా ధమని లోపలి పొర చిరిగి పక్షవాతం రావచ్చు. క్షవరం అయ్యాక సెలూన్లో తల పట్టుకుని విరిచే అలవాటు కూడా ఇలాంటిదే, వద్దనండి. తిప్పాక కళ్లు తిరిగినా, ఒకటి రెండుగా కనిపించినా, మాట తడబడినా ఇంటికెళ్లి పడుకోవద్దు. నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి.

కాళ్లలో బలం తగ్గుతున్నా, మూత్రం అదుపు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా అసలు కైరోప్రాక్టర్ దగ్గరికే వెళ్లకూడదు. జ్వరంతో నడుమునొప్పి ఉన్నా, పడి దెబ్బ తగిలినా, ఎముకలు గుల్లబారాయని డాక్టరు చెప్పినా ముందు వైద్యుణ్ణి చూడాలి. విరిగిన ఎముకకి పుత్తూరు కట్టు వేసేవాళ్ల పని వేరు, కైరోప్రాక్టర్ పని వేరు. రెండూ కలపకండి.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దలకి ఒక మాట. అక్కడ కైరోప్రాక్టర్లకి నాలుగేళ్ల చదువు, ప్రతి రాష్ట్రంలో లైసెన్సు ఉంటాయి. చివరగా ఒప్పుకున్న లూసియానా కూడా 1974లో ఒప్పుకుంది. పేరు ముందు డాక్టర్ అని ఉన్నా ఎం.బి.బి.ఎస్. లాంటి చదువు కాదు. మన దగ్గర అలాంటి లైసెన్సు ఏర్పాటు లేదు కనుక ఎక్కడ చదివారో మీరే అడగాలి. బి.పి., ఆస్తమా, పసిపిల్లల ఏడుపు కూడా వెన్ను నొక్కితే పోతాయనేవాణ్ణి వదిలేయండి.

ఫీజుల గురించి కూడా చెబుదామనుకున్నాను, సమయం దగ్గరపడింది. నెలల తరబడి సిట్టింగులకి డబ్బు ముందే కట్టమంటే కట్టకండి. మెడ జోలికి వెళ్లొద్దు, నడుము మాత్రం చూడండి అని మీరు బల్ల ఎక్కకముందే చెప్పవచ్చు. పని తెలిసినవాడు దానికేమీ అనుకోడు.