పసిరాజు, పెద్దల పాలన

దస్తావేజు చూడనిదే మాట చెప్పని ఆచార్యుల స్మృతిలో ఏర్పాటైన ఉపన్యాసమిది. అందుకే, రాజు పసివాడైనప్పుడో మంచాన పడ్డప్పుడో అధికారం ఎవరి చేతికి వెళ్లింది, తిరిగి వచ్చిందా లేదా అన్న విషయం ఎంచుకున్నాను.

1491లో విజయనగర ప్రభువు సాళువ నరసింహరాయలు కన్నుమూస్తూ, ఇద్దరు కొడుకులనూ సేనాని తుళువ నరసనాయకుడికి అప్పగించాడు. పెద్దవాడు కొద్దికాలానికే హత్యకు గురయ్యాడు. చిన్నవాడు ఇమ్మడి నరసింహుడు పెనుగొండలో కాపలా నడుమ పేరుకు రాజు. అతను పెరిగి పెద్దవాడైనా పెత్తనం నాయకుడిదే. నరసనాయకుడు సమర్థుడు, రాజ్యాన్ని నిలబెట్టాడు. 1503లో ఆయన పోయాక ఆ పెత్తనం కొడుకు వీరనరసింహుడికి వచ్చింది. 1505లో ఇమ్మడి నరసింహుణ్ణి చంపించి అతనే సింహాసనమెక్కాడు. రాజ్యం నిలిచింది, అప్పగించిన వంశం మాత్రం పోయింది. అధికారం ఎప్పుడు తిరిగిస్తావని సంరక్షకుణ్ణి నిలదీయగలవారు లేకపోయారు.

హైదరాబాదు కథ వేరు. 1869 ఫిబ్రవరిలో నిజాం అఫ్జలుద్దౌలా మరణించేనాటికి కొడుకు మహబూబ్ అలీఖాన్‌కు మూడేళ్లు నిండలేదు. దివాను సాలార్‌జంగ్, ‘పైగా’ అనే ప్రభువంశపు షంసుల్ ఉమ్రా రీజెంట్లయ్యారు. బ్రిటిష్ రెసిడెంటు కన్ను ఎలాగూ ఉంది. పాలించింది సాలార్‌జంగ్. నాణెం మీద పడింది మాత్రం మహబూబ్ పేరులోని తొలి అక్షరం ‘మీమ్’. రూపాయి చేతులు మారిన ప్రతిచోటా అధికారం ఎవరిదో స్పష్టంగానే ఉంది. అయినా ఈ ఏర్పాటులోనూ ఒక లోపముంది. భారమంతా క్రమంగా ఒక్కరి మీదే పడింది. 1883 ఫిబ్రవరి 8న సాలార్‌జంగ్ హఠాత్తుగా కలరాతో మరణించడంతో, ఆయన స్థానంలో ఓ కౌన్సిల్‌ను నిలబెట్టాల్సి వచ్చింది. మరుసటి ఏడు ఫిబ్రవరి 5న వైస్రాయి రిప్పన్ సమక్షంలో నిజాం పూర్తి అధికారాలు అందుకున్నాడు.

నిబంధనలు ముందే రాసి పెట్టుకోవాలన్న పాఠం బ్రిటన్ ఆలస్యంగా నేర్చుకుంది. 1788లో మూడో జార్జి మతి చలించినప్పుడు, రీజెంటుకు ఏ అధికారాలుండాలో తేల్చుకోలేక పార్లమెంటు నెలల తరబడి వాదించింది. ఈలోగా రాజు కోలుకున్నాడు. జబ్బు తిరగబెట్టాక 1811లో గానీ చట్టం రాలేదు. ఎప్పటికప్పుడు చట్టం చేసుకునే ఆ పద్ధతికి 1937 రీజెన్సీ చట్టం ముగింపు పలికింది. రాజు అశక్తుడని ప్రకటించాలంటే రాజు జీవిత భాగస్వామి, లార్డ్ చాన్సలర్, కామన్స్ సభ స్పీకర్, ఇంగ్లండ్ ప్రధాన న్యాయమూర్తి, మాస్టర్ ఆఫ్ ది రోల్స్ అనే అయిదుగురిలో కనీసం ముగ్గురు సంతకం చేయాలి. వైద్యుల సాక్ష్యం ఉండాలి. వారసత్వ క్రమాన్ని మార్చే బిల్లుకు రీజెంటు ఆమోదం తెలపకూడదు. ఇక్కడ చట్టం నమ్ముకున్నది మనుషుల మంచితనాన్ని కాదు, పదవులను.

మంచి సంరక్షకుడు దొరకడం అదృష్టం. అదృష్టం మీద రాజ్యం నడపకూడదు. ఎవరు చూసుకోవాలి, ఏది ముట్టకూడదు, ఎన్నడు తిరిగివ్వాలి అనే మూడు సంగతులూ రాజు ఆరోగ్యంగా ఉన్నప్పుడే రాసి పెట్టుకోవాలి. ఆపద వచ్చాక రాసే నిబంధన బలవంతుడి వైపే మొగ్గుతుంది. విద్యార్థులకు నా విన్నపం ఒకటి. సాలార్‌జంగ్ మరణానికీ నిజాం అధికార స్వీకారానికీ నడుమ గడిచిన ఆ ఏడాది కాగితాలను శ్రద్ధగా చదవండి. రాజ్యాంగాలు ఎందుకు రాసుకుంటామో వాటిలో తెలుస్తుంది.