అలక వేరు, నొచ్చుకోవడం వేరు

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. బి.పి. గురించి చెప్పడానికి డాక్టరుగారు వస్తున్నారు గనుక, నేను దాన్ని పెంచే సంగతి ఒకటి ఎత్తుకుంటాను. ఒక్క మాటకే మనసు కష్టపెట్టుకునే మనుషులు, వాళ్ళకు మనం పెట్టే పేర్లు. జీవితమంతా ఫైళ్ళు రాసి బతికినవాణ్ణి. ఒక్క మాట మారితే ఉత్తర్వు మారిపోతుందని తెలిసినవాణ్ణి. అందుకని మాటల దగ్గర కొంచెం పట్టింపు ఎక్కువ.

మన తెలుగులో ఈ సరుకుకి కొదవ లేదు. మూతి ముడిచేవాడున్నాడు, ముక్కు మీద కోపం ఉన్నవాడున్నాడు, చిన్నబుచ్చుకునేవాడున్నాడు. ఆకు తాకితే ముడుచుకునే అత్తిపత్తి ఉంది. ఆ పేరు మా సెక్షన్లో ఒక సూపరింటెండెంటుగారికి పెట్టారు, ఆయన రిటైరయ్యేదాకా ఆయనకు తెలియదు. తెలంగాణలో 'నారాజ్ అయిండు' అంటారు. ఇంకొకటుంది, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునేవాడు. బూడిద గుమ్మడికాయ భుజాన మోస్తే తెల్లటి బూడిద అంటుతుంది. ఎవరి పేరూ ఎత్తకుండా అన్న మాటకు ఆయన చెయ్యి భుజం మీదికి పోయిందంటే, అది సున్నితం కాదు, లెక్క వేరు.

ఇప్పటి పిల్లలు వీటన్నిటికీ కలిపి ఒక్క మాట వాడుతున్నారు: ఫీలవడం. 'తాతయ్యా, ఫీలయ్యావా?' అంటుంది మా మనవరాలు. ఇంగ్లీషులో సంతోషమైనా దుఃఖమైనా ఫీలు కావచ్చు. మనవాళ్ళు మాత్రం ఆ మాట తెచ్చుకుని నొప్పి ఒక్కదానికే కట్టబెట్టారు. మాట బాగానే అతికింది. కాని ఏ రకం నొప్పో అందులో తెలియదు.

అలక అన్నది చూడండి. బతిమాలేవాళ్ళు ఉన్నచోటే అలక ఉంటుంది. పెళ్ళిలో అలకపాన్పు మీద కొత్త అల్లుడు కూర్చునేది ఎందుకు? మామగారు వాచీయో, సైకిలో, తరవాతి రోజుల్లో స్కూటరో ఒప్పుకుంటారని. అదే పెద్దమనిషి ఆఫీసులో అలిగితే సంజాయిషీ అడిగి మెమో ఇచ్చేవారు. సత్యభామ అలక మనకు అందరికీ ఇష్టం. నారదుడు తెచ్చిన పారిజాతం కృష్ణుడు రుక్మిణికి ఇచ్చాడని తెలిసి కోపగృహంలో పడుకుంది. నంది తిమ్మనగారు దాని మీద కావ్యమే రాశారు. 1966లో వచ్చిన 'శ్రీకృష్ణ తులాభారం'లో జమునగారు ఆ సత్యభామ వేషం కట్టాక, ఆమె అలగడమే చూడాలనిపించేది. కృష్ణుడు కాళ్ళ మీద పడ్డాడు, ఎడమకాలి తాపు తిన్నాడు, చివరికి చెట్టే తెచ్చి పెరట్లో నాటాడు. కథ సుఖాంతం.

కోపగృహంలో కైకేయి కూడా పడుకుంది. దశరథ మహారాజు అదీ ఇలాంటి అలకే అనుకున్నాడు. ఏదో నగో చీరో అడుగుతుంది, ఇస్తే సరిపోతుందనుకుని బతిమాలడానికి కూర్చున్నాడు. ఏమి జరిగిందో మీకు చెప్పనక్కరలేదు. గది ఒకటే, నేల మీద పడుకోవడం ఒకటే. రాజుగారు పేరు తప్పు పెట్టుకున్నారు.

ఉడుకుమోతు వేరు. ఆటలో ఓడినా ఉడుక్కుంటాడు, పక్కవాడికి రెండు గారెలు ఎక్కువ పడ్డా ఉడుక్కుంటాడు. అతన్ని కాసేపు అలా వదిలేస్తే చల్లారతాడు. అలిగినవాణ్ణి బతిమాలాలి. నొచ్చుకున్నవాడి సంగతి ఈ రెండూ కాదు. ఆయనకు దెబ్బ తగిలింది. తగిలించినవాళ్ళు వెళ్ళి తప్పయిందని చెప్పాలి. బతిమాలడం సులువు గనుక, వదిలెయ్యడం ఇంకా సులువు గనుక, మనం నొచ్చుకున్నవాణ్ణి కూడా 'అలిగాడులే' అనేస్తుంటాం. ముసలివాళ్ళమైతే మరీను. మందు బిళ్ళలు అయిపోయాయని మూడుసార్లు చెప్పినా చాదస్తం కిందికే పోతుంది.

ఇక మన ఇంటి సంగతికి వస్తాను. పేరు చెప్పను, మీకందరికీ తెలుసు. కిందటి ఏడు మన ప్రత్యేక సంచికలో భవన నిధికి చందాలిచ్చినవారి పట్టిక వేశాం. అందులో నిక్షేపంగా ఉన్న ఒక మిత్రుడి పేరు ముందు 'కీ.శే.' అని పడింది. ముద్రారాక్షసం. ఆ పేజీ ముందుగా చూసింది ఆయన శ్రీమతిగారు. ఆ తరవాత లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి ఆయన బ్యాంకుకు వెళితే, క్యూలో ఉన్న మనవాళ్ళే ఒకరు 'మీకింకా దీంతో పనేమిటండీ' అన్నారట. నలుగురూ నవ్వారు. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చినప్పటి నుంచి వేలిముద్ర వేసి కూడా బతికి ఉన్నామని రుజువు చేసుకోవచ్చు. మన సంచికకు మాత్రం ఏ వేలిముద్రా చాలలేదు. ఆ తరవాత వచ్చిన రెండు సంచికల్లోనూ సవరణ పడలేదు.

ఆయన మూడు సమావేశాలకు రాలేదు. 'అలిగాడు, తనే వస్తాడు' అని ఈ హాల్లోనే విన్నాను. చెరువు మీద అలిగి స్నానం మానేసినవాడని సామెత కూడా చెప్పారు ఒకరు. (సామెతలో ఉన్నది స్నానం కాదు, ఆడవాళ్ళున్న సభ గనుక మార్చి చెబుతున్నాను.) కోశాధికారిగారి పుస్తకం నేను చూశాను. ఆయన చందా ఏ నెలా ఆగలేదు, పదో తారీఖు దాటలేదు. అలిగినవాడు చందా పంపడు. సంఘం మీద ఆయనకు కోపం లేదు. తాను బతికి ఉండగా భార్య ఆ రెండక్షరాలు చదవవలసి వచ్చిందన్న బాధ ఉంది. దీన్ని సున్నితమనే కింద జమ కట్టడానికి నాకు మనసొప్పదు.

సంపాదకులవారితో మాట్లాడాను. ఈ ప్రత్యేక సంచిక మొదటి పేజీలోనే, పెద్దక్షరాల్లో సవరణ వేస్తామన్నారు. ప్రూఫు నేను చూస్తాను. వచ్చే ఆదివారం ఉదయం పది గంటలకు అధ్యక్షులవారు, మరి నలుగురం వాళ్ళింటికి వెళుతున్నాం. ముందు ఆయన శ్రీమతిగారితో మాట్లాడి, తరవాత ఆయనతో మాట్లాడాలని అనుకున్నాం. బ్యాంకు క్యూలో ఆ మాట అన్న మిత్రుడు కూడా వస్తానన్నారు, సంతోషం. ఇంకా రాదలచినవారు కోశాధికారిగారికి పేర్లివ్వండి. పళ్ళు తెద్దాం, శాలువా సంఘం తరఫున కొన్నాం. పూలదండలు మాత్రం ఎవరూ తేవద్దని మనవి.