పల్లెల మీదుగా సైకిలు చుట్టుదారి
(నర్మెట్ట ప్రాంత పంచాయతీ సభ్యుల నుద్దేశించిన ప్రసంగ పాఠము)



సైకిలు మన పల్లెలకు కొత్త కాదు. మోకు, ముస్తాదు తగిలించుకొని తాటివనమునకు పోవు గీత కార్మికుడును, పాలక్యానులు వ్రేలాడదీసికొని పోవు రైతును, పొరుగూరి ఉన్నత పాఠశాలకు పోవు ఆడపిల్లయు దానిని చిరకాలముగా ఎరుగుదురు. కొత్తయైనది వేరొకటి. పట్టణములవారు కేవలము సైకిలు త్రొక్కుటకే సెలవు దినములలో బయలుదేరుచున్నారు. వారికొరకు 2023 అక్టోబరులో హైదరాబాదు బాహ్య వలయ రహదారి ప్రక్కన 23 కిలోమీటర్ల సైకిలు బాటను ప్రారంభించి, దానిపై సౌర ఫలకముల కప్పు వేసినారు. అచట నునుపైన నేల కలదు, నీడ కలదు. అయినను ప్రక్కన పరుగెత్తునవి మోటారు వాహనములే. చెరువు కట్ట, పొలముల పచ్చదనము, ఆగి పలుకరించు మనుష్యులు కావలెనన్నచో వారు పల్లెకే రావలెను.

వచ్చుటకు దారి యున్నది. సికింద్రాబాదు–కాజీపేట రైలు మార్గముపై జనగామ స్టేషను మనకు సమీపమున నున్నది. జనగామ ప్రక్కనే యున్న పెంబర్తి, ఇత్తడి పనితనమునకు పేరుగాంచి, 2023లో కేంద్ర పర్యాటక శాఖవారిచే ఉత్తమ పర్యాటక గ్రామముగా ఎంపికయైనది. పెంబర్తిని చూడవచ్చినవారు ఉత్తరముగా నర్మెట్ట వైపు మరలినచో ఏమి చూతురు? బండల గుట్టలు, తాటితోపులు, గోదావరి నీటిని దేవాదుల ఎత్తిపోతల ద్వారా నింపుకొను బొమ్మకూరు జలాశయము, పత్తిచేలు, వరిమళ్లు చూతురు. ఇవన్నియు మనకు నిత్యము కనుపించునవే గనుక వీని విలువ మనకు తట్టదు.

ఇచట ఒక చిన్న హెచ్చరిక. సిద్దిపేట జిల్లా నంగునూరు మండలమున నర్మెట్ట అను మరియొక గ్రామము కలదు. 2017లో అచట జరిగిన త్రవ్వకములలో పెద్ద బండ కప్పిన బృహచ్ఛిలా సమాధి వెలువడుటచే ఆ పేరు పత్రికల కెక్కినది. కావున మన దారిపటములపై "జనగామ జిల్లా" అని స్పష్టముగా వ్రాయనిచో బాటసారి అచటికి చేరును!

చుట్టుదారి యనగా బయలుదేరిన ఊరికే తిరిగి చేరునది, పోయిన బాటను మరల త్రొక్కనిది. దాని పొడవు మొదట 30 కిలోమీటర్లకు మించకుండుట మేలు. పల్లెబాటపై సామాన్యుడు గంటకు 12 కిలోమీటర్లు పోగలడు. అనగా రెండున్నర గంటల త్రొక్కుడు. విశ్రాంతితో కలిపి లెక్కించినను, ఉదయము 6 గంటలకు బయలుదేరినవాడు ఎండ ముదరకముందే ఇల్లు చేరును.

ఏ దిక్కుగా తిరుగవలెనన్నది చిన్న సంగతి కాదు. ఉదయము మొదట పడమటి వైపు, అనగా బచ్చన్నపేట దిక్కుగా సాగినచో సూర్యుడు వీపు వెనుక నుండును, కన్నులలో పడడు. వానకాలమున గాలి పడమటినుండి వీచును గనుక ఎదురుగాలి ఒడలిలో సత్తువ యున్నప్పుడే తగులును, అలసి మరలునపుడు అదే గాలి వెనుకనుండి త్రోయును. నీడచెట్ల విషయమును ఇట్లే యోచింపవలెను. సైకిలువారు ఉదయమున పోవుదురు గనుక ఉత్తర దక్షిణములుగా సాగు బాటకు తూర్పు ప్రక్కనను, తూర్పు పడమరలుగా సాగు బాటకు దక్షిణపు ప్రక్కనను వేప, కానుగ, చింత నాటినచో నీడ బాటపై పడును. 2015లో హరితహారము మొదలైనది మొదలు మన ఊళ్లలో మొక్కలు నాటుచునే యున్నారు. 2018 పంచాయతీరాజ్ చట్టము నాటినవానిలో నూటికి 85 బ్రదుకవలెనని చెప్పుచున్నది. ఏ ప్రక్క నాటవలెనో ముందే నిర్ణయించుకొనుటకు అదనపు వ్యయమేమియు లేదు.

ఇక అపాయముల మాట. మన ప్రాంతమున బాట నానుకొని గోడలేని వ్యవసాయ బావులు కలవు. మలుపు వద్ద నున్న బావికి నడుమెత్తు గోడ కట్టించుట చుట్టుదారి కన్న ముందు చేయవలసిన పని. మత్తడి దూకునపుడు మునుగు లోలెవెల్ వంతెన దారిలో నున్నచో, వానలు కురియు నెలలలో ఆ భాగమును విడిచి వేరు బాట చూపవలెను.

అన్నిటికంటె చిక్కైనది తారురోడ్డుపై ధాన్యము ఆరబోయుట. రైతును తప్పు పట్టి లాభము లేదు. కోతయంత్రము ఒక్కపూటలో చేను కోసి పచ్చివడ్లను కుప్పవోయును. తేమ తగ్గనిదే కొనుగోలు కేంద్రమున తూకమునకు ఎక్కవు. కల్లము లేనివానికి తారురోడ్డును మించిన ఎండునేల దొరకదు. కాని వడ్లచుట్టు పేర్చిన రాళ్లు చీకటివేళ ఎందరి ప్రాణములనో తీయుచున్నవి. సైకిలునకు దీపము చిన్నది, చక్రము సన్ననిది. జారుటకు పిడికెడు గింజలు చాలును. దీనికి ఆజ్ఞాపత్రములు పనిచేయవు. ఊరికి ఉమ్మడి కల్లములు కట్టించుటయే మందు. అవి సిద్ధమగు వరకు కోతల వారములలో ఏ బాటపై ధాన్యమున్నదో పంచాయతీ కార్యాలయపు పలకపై వ్రాసి, అతిథులను మరియొక దారిన పంపవలెను. రాళ్లకు బదులు ఖాళీ గోనెలు పెట్టుడని రైతులను కోరవచ్చును. ఈ మాట వారు వింటారు, చెప్పువాడు తోటి రైతైనచో.

చుట్టుదారి ఏ ఒక్క పంచాయతీ సొత్తును కాదు. 2016లో నర్మెట్టనుండి తరిగొప్పుల వేరు మండలమైనది. మండలములు వేరైనను బాట ఒక్కటియే. అదే బాటలో కొంత రోడ్లు భవనముల శాఖది, కొంత పంచాయతీరాజ్ ఇంజనీర్లది, ఊరి లోపలిది మీది, చెరువు కట్ట నీటిపారుదల శాఖది. ఏ గజము ఎవరిదో మొదట పట్టిక వ్రాసికొననిచో ప్రతి గుంతకును నలుగురిని అడుగవలసివచ్చును. కట్టమీది బాటకై గట్టును చెక్కుట మాత్రము ఎవరికిని తగదు. రోడ్డు వెడల్పు చేయుడని అడుగుటకును తొందరపడకుడు. వెడల్పైనచో చింతలు పోవును, లారీలు వచ్చును, సైకిలువారు రారు.

దారి చూపుటకు ఖరీదైన బోర్డులు అక్కరలేదు. బెల్జియము దేశమందలి లింబర్గు ప్రాంతమున 1995లో ఒక చక్కని పద్ధతి మొదలైనది. బాటలు కలియు ప్రతి కూడలికి ఒక అంకె నిచ్చిరి. బాటసారి తాను పోదలచిన అంకెలను వరుసగా కాగితముపై వ్రాసికొని సాగును. ఈ పద్ధతిని పన్నినవాడు గనులలో పనిచేసిన ఇంజనీరు. మన కూడళ్లలో బండరాళ్లకు కొరత లేదు. సున్నము పూసి అంకె వ్రాయించిన చాలును. భాష రానివాడును అంకె చదువగలడు.

త్రాగునీరు, మరుగుదొడ్డి, పంచరు వేయువాని దుకాణము, ఈ మూడును ఎచ్చట దొరకునో ఆ రాతిపైనే గుర్తు వేయవచ్చును. మహిళా సంఘములవారు జొన్నరొట్టె, మజ్జిగ, సర్వపిండి, కాలమునుబట్టి సీతాఫలములు, తాటిముంజలు అమ్మిన రాబడి ఊరిలోనే నిలుచును. మొదటి ఏడు వచ్చువారు కొందరే యగుదురు. వారికై వసతి గృహములు కట్టుటకు అప్పు చేయవలదు.

మేము కోరునది ఒక ఆదివారపు శ్రమ. ప్రతి పంచాయతీనుండి ఇద్దరు సభ్యులు సైకిళ్లపై బయలుదేరి, అనుకొన్న దారినంతయు ఒకమారు తిరుగుడు. ఒకరి చేత పుస్తక ముండవలెను. ఆయా ఊళ్లలో సైకిలుపై బడికి పోవు బాలికను, తలిదండ్రుల అనుమతితో, తమ ఊరి మేరవరకు వెంట తీసికొని పొండు. ఆమె ఎచ్చట భయపడి సైకిలు దిగి నడచునో ఆ చోటును పుస్తకములో మొదట వ్రాసికొనుడు.